ఒకే వైరులో మాటా మెతుకూ

హాస్టల్ కారిడార్‌లో నడుస్తూ ఒకసారి తల పైకెత్తి చూడండి. సీలింగుకి తెల్లటి పళ్లెం లాంటి డబ్బా ఒకటి అతుక్కుని ఉంటుంది, మధ్యలో చిన్న నీలం లైటు. మనందరి వైఫై అందులోంచే వస్తుంది. దాన్నే యాక్సెస్ పాయింట్ అంటాం. దాని వెనక్కి వెళ్లే వైరు మాత్రం ఒక్కటే. నెట్‌కి ఒకటి, కరెంటుకి ఒకటి అని రెండు ఉండవు. పక్కన ప్లగ్గు లేదు, అడాప్టర్ లేదు. మరి ఆ లైటు ఎలా వెలుగుతోంది?

నెట్ వచ్చే ఈథర్నెట్ వైరులోనే కరెంటు కూడా వస్తోంది. దీని పేరు పవర్ ఓవర్ ఈథర్నెట్, పొట్టిగా పీఓఈ. మన సిలబస్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పుస్తకం దీన్ని రెండు లైన్లలో దాటేస్తుంది. సీఎస్ఈ వాళ్లకి కరెంటు గొడవెందుకులే అనుకుంటారేమో. నాకు మాత్రం మా ఇంట్లో అవసరం పడి దీని లోపలికి వెళ్లాల్సి వచ్చింది. చదివిందంతా ఇంగ్లీషులోనే, కానీ చెప్పాల్సింది అమ్మకీ, నాన్నకీ, ఎలక్ట్రీషియన్ బాబాయ్‌కీ. అంచేత తెలుగులో చెప్పడం అప్పుడే మొదలైంది, ఇది దానికి కొనసాగింపు అనుకోండి.

నిజానికి ఇది కొత్త విద్యేం కాదు. అమ్మమ్మ వాళ్లింట్లో ల్యాండ్‌లైన్ ఫోన్ ఉండేది. కరెంటు పోయి వీధంతా చీకటైనా ఆ ఫోన్ మోగేది. దానికి ప్లగ్గు లేదు కదా అని అప్పట్లో ఎవరికీ అనుమానం రాలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పెద్ద పెద్ద బ్యాటరీలుంటాయి, 48 వోల్టుల డీసీ. మాట వచ్చే రెండు తీగల మీదే ఆ కరెంటు కూడా ఇంటిదాకా వచ్చేది. స్టూడియోల్లో కొన్ని మైకులకి కూడా ఇలాగే, పాట వెళ్లే వైరులోనే 48 వోల్టులు పంపిస్తారు. ఆఫీసు బల్లల మీదకి ఇంటర్నెట్ ఫోన్లు వచ్చాక, ప్రతి ఫోన్‌కీ ఒక అడాప్టర్ తగిలించే తలనొప్పి ఎందుకని 2000లో సిస్కో వాళ్లు ఈథర్నెట్ వైరులో కరెంటు పంపడం తమ పద్ధతిలో మొదలెట్టారు. 2003లో ఐఈఈఈ వాళ్లు అందరికీ ఒకే పద్ధతి ఖాయం చేశారు. దాని నంబరు 802.3ఎఎఫ్.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మాది నరసరావుపేట. కింద మేముండే పోర్షను, బయట నుంచి ఇనప రెయిలింగు ఉన్న మెట్లు, పైన ఒక గది. చెల్లి ఇంటర్ సెకండియర్. ఈఏపీసెట్ కోసం రోజూ రాత్రి ఆన్‌లైన్ క్లాసులు, ఆదివారం మూడు గంటల మాక్ టెస్టు. చదువుకునేది పై గదిలో. రౌటరేమో కింద హాల్లో. మధ్యలో ఇనప చువ్వలు నింపుకున్న శ్లాబు. వైఫై సిగ్నల్ పైకి వెళ్లేసరికి ఒక గీత, ఒక్కోసారి అదీ ఉండదు. టెస్టు మధ్యలో తెగిపోతే గడియారం ఆగదు, తిరిగి కలిసేసరికి పది నిమిషాలు హాంఫట్. చెల్లి మెట్ల మీద కూర్చుని, దోమలు కుట్టించుకుంటూ క్లాసులు వినేది.

పైన యాక్సెస్ పాయింట్ ఒకటి పెట్టాలి, అది ఎవరైనా చెప్తారు. పై గదిలో ప్లగ్గు లేక కాదు, ఉంది. కానీ ఇన్వర్టర్ లైను కింద పోర్షనుకే ఉంది. కరెంటు పోతే కింద రౌటర్ బతికే ఉంటుంది, పైన డబ్బా చచ్చిపోతుంది. చెల్లి లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, వెలుతురుకి చార్జింగ్ లైటుంది. లేనిది నెట్టే.

ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చి చూసి, "దానిదేముందమ్మా, ఇన్వర్టర్ లైనులోంచి రెండు వైర్లు తీసి రెయిలింగు పట్టుకుని పైకి లాగేస్తా. గంట పని" అన్నాడు. నాన్న సరే అనబోయారు. నాకు నచ్చలేదు. ఇనప రెయిలింగు, దాని మీద క్లిప్పులతో కట్టిన 230 వోల్టుల వైరు, ఎండకి పగిలే తొడుగు, ఆపైన వానాకాలం. బట్టలారేసే దండేనికి కరెంటు పాకి మనుషులు పోయారన్న వార్త ఏటా వర్షాల్లో పేపర్లో చదువుతూనే ఉంటాం. అదే రెయిలింగు పట్టుకుని చెల్లి రాత్రి పది గంటలకి కిందికి దిగుతుంది.

"బాబాయ్, నెట్ కోసం ఎలాగూ ఒక వైరు పైకి వెళ్తుంది కదా. కరెంటు కూడా దాంట్లోనే పంపిద్దాం" అన్నాను.

ఆయన నవ్వి, "అది సన్న వైరమ్మా, కాలిపోద్ది" అన్నాడు.

ఆయన అనుమానం తప్పు కాదు. ముప్పై ఏళ్లుగా వైర్లు లాగుతున్న మనిషి. ఫ్యాన్‌కి ఏ వైరు, మోటారుకి ఏ వైరు అని చేత్తో పట్టుకుని చెప్తాడు. సన్న తీగలో కరెంటు ఎక్కువ పంపితే వేడెక్కుతుందన్నది ఆయన కళ్లారా చూసిన సంగతి. కాబట్టి జవాబు చెప్పాల్సింది రెండిటికి. ఒకటి, డేటా పోయే తీగలో కరెంటు పెడితే డేటా పాడవదా? రెండు, వైరు కాలదా?

మొదటిదానికి తక్కెడ చాలు

ఈథర్నెట్ వైరు లోపల ఎనిమిది తీగలుంటాయి, రెండేసి చొప్పున మెలిపెట్టిన నాలుగు జంటలు. జంటలే ఎందుకంటే డేటా ఒక్క తీగ మీద పోదు. ఒక తీగలో వోల్టేజి కాస్త పైకి వెళ్తే రెండో తీగలో అంతే కిందికి వెళ్తుంది. అవతలి చివర ఉన్న చిప్పు ఆ రెండింటి మధ్య తేడాని మాత్రమే చూస్తుంది.

కిరాణా కొట్టు తక్కెడ ఊహించుకోండి. కుడి పళ్లెం వంగితే 1, ఎడమ పళ్లెం వంగితే 0 అనుకుందాం. ఇప్పుడు కొట్టాయన ఆ తక్కెడని అలాగే చేత్తో పట్టుకుని మేడెక్కాడు. ముల్లు కదిలిందా? లేదు. తక్కెడ ఎత్తు మారింది, మొగ్గు మారలేదు. డేటా అంటే ఆ మొగ్గు. కరెంటు అంటే ఆ ఎత్తు. ఒక జంటలోని రెండు తీగల్నీ కలిపి 48 వోల్టుల ఎత్తుకి లేపుతారు, ఇంకో జంటని కింద సున్నా దగ్గరే ఉంచుతారు. జంటకీ జంటకీ మధ్య 48 వోల్టుల తేడా వచ్చేసింది, దాంతో డబ్బా నడుస్తుంది. ఏ జంటకా జంట లోపల మొగ్గు మాత్రం ఓ వోల్టు అటూ ఇటూ ఊగుతూ తన పని తాను చేసుకుంటుంది.

దీన్ని చేసే పరికరం చాలా ముచ్చటగా ఉంటుంది. ఈథర్నెట్ పోర్టు లోపల ప్రతి జంటకీ వేలిగోరంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాని చుట్టకి సరిగ్గా నడిమధ్యలోంచి ఒక తీగ బయటకి తీస్తారు. కరెంటుని అక్కడ ఎక్కిస్తే, అది సమానంగా చీలి రెండు తీగల్లోకీ పోతుంది. చుట్టలో ఒక సగం ఇటు తిప్పితే ఇంకో సగం అటు తిప్పుతుంది, అయస్కాంత ప్రభావం రద్దు. అవతల కూడా చుట్ట నడిమధ్య నుంచే కరెంటుని దించుకుంటారు. అంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి తన మీదుగా కరెంటు వెళ్లిన సంగతే తెలియదు.

100 మెగాబిట్ల నెట్‌కి రెండు జంటలే చాలు, మిగతా రెండూ ఖాళీ. అందుకని డేటా జంటల మీదే కరెంటు పంపడం ఒక పద్ధతి, ఖాళీ జంటల మీద పంపడం ఇంకో పద్ధతి. గిగాబిట్‌కి నాలుగు జంటలూ డేటాకే కావాలి, అయినా తక్కెడ కిటుకు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. బజారులో దొరికే చవక పీఓఈ పిల్లకాలవ వైర్లు మాత్రం ఖాళీ జంటల్ని డేటా నుంచి పూర్తిగా విడదీసి కరెంటుకే వాడేస్తాయి. అవి తగిలిస్తే గిగాబిట్ కనెక్షన్ కాస్తా 100కి పడిపోతుంది. చాలామంది దీనికి ఇంటర్నెట్ కంపెనీని తిడుతుంటారు.

సన్న వైరు ఎందుకు కాలదు

బాబాయ్ రెండో ప్రశ్నకి లెక్క కావాలి. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు సగమైతే వేడి నాలుగో వంతు. అదే పవరు పంపాలంటే వోల్టేజి పెంచి కరెంటు తగ్గించాలి. రామగుండం నుంచి హైదరాబాద్‌కి కరెంటు 400 కిలోవోల్టుల లైన్ల మీద వచ్చేది ఇందుకే. పీఓఈలో కూడా అదే సూత్రం, చిన్న స్కేల్లో.

2003 నాటి ఐఈఈఈ లెక్క చూడండి. పంపే చివర కనీసం 44 వోల్టులు, కరెంటు ఎక్కువలో ఎక్కువ 0.35 ఆంపియర్. గుణిస్తే 15.4 వాట్లు. వైరు 100 మీటర్లు, రానూపోనూ రెసిస్టెన్స్ 20 ఓమ్‌లకి మించదని ఒప్పందం. దారిలో వేడిగా పోయేది 0.35 వర్గం ఇంటూ 20, అంటే 2.45 వాట్లు. తీసేస్తే మిగిలేది 12.95. ఏ డేటాషీట్ తెరిచినా ఈ 12.95 అన్న అంకె కనపడుతుంది, ఇంత పాయింట్ల లెక్క ఎందుకబ్బా అనుకునేదాన్ని. అది కేవలం తీసివేత! 2009లో వచ్చిన 802.3ఎటి కూడా ఇంతే. 50 వోల్టులు, 0.6 ఆంపియర్, 30 వాట్లు. ఈసారి కాస్త మంచి వైరు అనుకుని 12.5 ఓమ్‌లు. పోయేది 4.5, చేరేది 25.5. 2018లో వచ్చిన 802.3బిటి నాలుగు జంటల్నీ వాడి పంపే చివర 90 వాట్ల దాకా తీసుకెళ్లింది, అవతలికి 71.3 చేరతాయి.

ఇంకా పెంచొచ్చు కదా, 48 దగ్గరే ఎందుకు ఆగారంటే, డీసీలో 60 వోల్టులు దాటకపోతే మామూలుగా మనిషికి ప్రమాదం లేదని లెక్క. చెల్లి పట్టుకునే రెయిలింగు పక్కన నాకు కావాల్సింది సరిగ్గా అదే.

మా ఇంటికి వద్దాం. రౌటర్ నుంచి పై గది దాకా వైరు 25 మీటర్లు. యాక్సెస్ పాయింట్ ఎక్కువలో ఎక్కువ 8 వాట్లు తీసుకుంటుంది. మంచి రాగి తీగ, 24 గేజ్, 100 మీటర్లకి దాదాపు 8.4 ఓమ్‌లు. పోయేటప్పుడు రెండు తీగలు కలిసి మోస్తాయి కాబట్టి సగం, తిరిగి రావాలి కాబట్టి మళ్లీ రెండింతలు. 25 మీటర్లకి మొత్తం 2.1 ఓమ్‌లు అనుకోండి.

24 వోల్టులతో పంపితే కరెంటు 0.33 ఆంపియర్. దారిలో 0.7 వోల్టు తగ్గుతుంది, వేడి పావు వాటు కన్నా తక్కువ, అది కూడా 25 మీటర్ల పొడుగునా పరుచుకుని. వైరు పట్టుకు చూసినా తెలియదు. 12 వోల్టులతో పంపితే దాదాపు ఒకటిన్నర వోల్టులు తగ్గి, వేడి నాలుగింతలు దాటుతుంది, ఎలాగో నడుస్తుంది. 5 వోల్టుల మొబైల్ చార్జర్ తగిలిస్తే? ఇక్కడ గమ్మత్తు. 5 వర్గాన్ని 2.1కి నాలుగింతలతో భాగిస్తే వచ్చేది 3 వాట్లు. ఆ వైరు మీద 5 వోల్టులతో అవతలికి ఎంత పిండినా అంతకన్నా రాదు. 8 వాట్ల డబ్బా లేవడానికి ప్రయత్నిస్తుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. బేసిక్ ఎలక్ట్రికల్‌లో బట్టీపట్టిన గరిష్ఠ శక్తి సిద్ధాంతం ఇదే.

కాగితం మీద ఈ అంకెలు చూపిస్తే బాబాయ్ 0.33 అన్న దగ్గర ఆగాడు. "ఇంతేనా?" అన్నాడు. ఇంతే. ఆయన మనసులో ఉన్నది ఇస్త్రీపెట్టె కరెంటు.

ఆనవాలు

మరి రౌటర్ పోర్టులో 48 వోల్టులు కాచుకు కూర్చుంటే, అందులో పొరపాటున ఎవరైనా లాప్‌టాప్ తగిలిస్తే? ఐఈఈఈ వాళ్ల పద్ధతిలో ఏమీ కాదు. పోర్టు ముందే కరెంటు ఇవ్వదు, అవతలివాళ్లెవరో కనుక్కుంటుంది. 2.7 నుంచి 10.1 వోల్టుల మధ్య రెండు చిన్న వోల్టేజిలు పెట్టి, ఒక్కోసారి ఎంత కరెంటు పారుతోందో కొలుస్తుంది. పీఓఈ డబ్బా లోపల కావాలనే పెట్టిన 25 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఉంటుంది. అది కనపడితే మనవాడే అని లెక్క.

ఒకసారి కొలిస్తే చాలదా, రెండుసార్లెందుకు? డబ్బా లోపల రెసిస్టర్‌కి ముందు డయోడ్లుంటాయి, ప్లస్ మైనస్‌లు ఎటు వచ్చినా సర్దుకోడానికి. ఆ డయోడ్లు కొంత వోల్టేజి మింగేస్తాయి. రెండు కొలతలు తీసుకుని ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే ఆ మింగుడు కొట్టుకుపోయి అసలు రెసిస్టెన్స్ మిగులుతుంది. స్కూల్లో రెండు బిందువులతో వాలు కనుక్కున్నామే, అదే.

ఇంగ్లీషులో ఆ 25 కిలో ఓమ్‌లని సిగ్నేచర్ అంటారు. తెలుగులో సంతకం అని రాస్తే నాకు అతకలేదు. మనవాళ్లో పరాయివాళ్లో తేల్చుకోడానికి చూపించే గుర్తుని ఏమంటారని ఫోన్లో అమ్మమ్మని అడిగాను. "ఆనవాలంటారే. హనుమంతుడు సీతమ్మకి ఉంగరం చూపించలా?" అంది. అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. లంకలో ఎవరు ఏ వేషంలో వస్తారో తెలియనప్పుడు ఉంగరం చూసేదాకా నమ్మకపోవడమే కదా తెలివి.

ఆనవాలు కుదిరాక పోర్టు 15.5 నుంచి 20.5 వోల్టుల మధ్యకి వెళ్లి, నీకెంత కావాలి అని అడుగుతుంది. డబ్బా తాను లాగే కరెంటు కొలతతోనే జవాబిస్తుంది. 3.84 వాట్లు చాలు అనేది ఒక తరగతి, 6.49 ఒకటి, 12.95 ఒకటి. ఆ తర్వాతే పూర్తి వోల్టేజి. డబ్బా నడుస్తున్నంతసేపూ కనీసం 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటూ ఉండాలి. వైరు పీకేస్తే, అరసెకను లోపే పోర్టు కరెంటు ఆపేస్తుంది. అదే వైరు తెచ్చి లాప్‌టాప్‌కి పెట్టేలోగా అందులో ఏమీ ఉండదు.

ఉంగరం అడగని పోర్టులు

ఇంత మర్యాద అన్నిచోట్లా ఉండదు. ప్యాసివ్ పీఓఈ అని ఒకటుంది. ఆనవాలు లేదు, అడగడాలు లేవు, వైరులో వోల్టేజి ఎప్పుడూ ఉంటుంది. ఎక్కువగా 24 వోల్టులు, కొన్ని 48. చవక, పైగా చిన్న ఇళ్లకి బాగా పనికొస్తుంది. కానీ ఏది తగిలిస్తున్నామో మనకి తెలిసుండాలి.

ఎందుకో ఒక్క లెక్క చెప్తాను. పీఓఈ తెలియని మామూలు పరికరాల్లో చాలావాటికి, ఖాళీ జంటల చివర్లని ఒక్కోదానికి 75 ఓమ్‌ల చిన్న రెసిస్టర్ పెట్టి ఒకచోట కలిపేస్తారు, పనికిరాని సిగ్నళ్లు తిరుగుటపా కాకుండా. ఆ రెండు జంటల మధ్య 24 వోల్టులు పెడితే దారిలో 150 ఓమ్‌లు, కరెంటు 0.16 ఆంపియర్, ఒక్కో రెసిస్టర్ మీద 1.9 వాట్లు. ఆవగింజంత ఆ రెసిస్టర్ మోయగలిగేది 0.1 వాటు. ముందు వాసన వస్తుంది, తర్వాత పోర్టు పోతుంది.

మేం కొన్న యాక్సెస్ పాయింట్ వెనక 24 వోల్టులు, ప్యాసివ్ అని ఉంది. వైరు కోసం వెళ్లిన కొట్టులో (పేరు అనవసరం) ఆయన ఒక ఇంజెక్టర్ తీసి చేతిలో పెట్టాడు. అంటే అడాప్టర్ కరెంటుని ఈథర్నెట్ వైరులోకి ఎక్కించే చిన్న డబ్బా. "పీఓఈ అంటే పీఓఈనే మేడమ్, అన్నీ ఒకటే" అన్నాడు. తిరగేసి చూస్తే 48 వోల్టులు, ప్యాసివ్. నాన్న జేబులోంచి డబ్బులు తీస్తున్నారు. వద్దని చెప్పి వైరు మాత్రం తెచ్చుకున్నాం. ఆ ఇంజెక్టర్ తగిలించి ఉంటే నాలుగు వేల రూపాయల డబ్బా తొలిరోజే పోయేది.

అసలు మాకు ఇంజెక్టరే అక్కర్లేదు. రౌటర్లలో కొన్నిటికి చివరి పోర్టులోంచి కరెంటు బయటకిచ్చే ఏర్పాటుంటుంది. లాట్వియా వాళ్ల మైక్రోటిక్ రౌటర్లలో ఇది మామూలు. రౌటర్‌కి అడాప్టర్ ఎన్ని వోల్టులిస్తే, చివరి పోర్టులోంచి దాదాపు అన్నే బయటకొస్తాయి. 24 వోల్టుల అడాప్టర్ అయితే 24. వాటి సెట్టింగుల్లో ఆ పోర్టుకి మూడు రకాలుంటాయి. పూర్తిగా ఆఫ్, చూసి ఇవ్వడం, చూడకుండా ఇచ్చేయడం. చూసి ఇచ్చేదానిలో అవతల 3 నుంచి 26.5 కిలో ఓమ్‌ల మధ్య రెసిస్టెన్స్ కనపడితేనే కరెంటు ఎక్కుతుంది. ప్యాసివ్ అయినా కాస్త లోకజ్ఞానం ఉన్న ప్యాసివ్ అన్నమాట. చూడకుండా ఇచ్చేదాన్ని ముట్టుకోకపోవడం మేలని నా అభిప్రాయం.

బడ్జెట్ కూడా చూసుకోవాలి. మా రౌటర్ అడాప్టర్ 24 వోల్టులు, 1.2 ఆంపియర్, అంటే 28.8 వాట్లు. రౌటర్ తనకి తాను 7 దాకా తింటుంది. పై డబ్బా 8, వైరులో పావు. పోర్టు హద్దు అర ఆంపియర్, మాకు కావాల్సింది మూడోవంతు. సరిపోయింది. ఇన్వర్టర్‌కి ఇదంతా కలిపినా ఒక సీలింగ్ ఫ్యాన్‌లో పావు వంతు.

వైరు బిగించేటప్పుడు

కరెంటు ఖాళీ జంటల మీద వచ్చే పద్ధతిలో నీలం జంట ప్లస్, గోధుమరంగు జంట మైనస్. నాలుగు, ఐదు పిన్నులు నీలం, ఏడు, ఎనిమిది గోధుమ. నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చే కుర్రాళ్లలో కొందరు పని తొందరగా అవుతుందని ఒకటి, రెండు, మూడు, ఆరు పిన్నులకే తీగలు పెట్టి మిగతా నాలుగూ కత్తిరించేస్తారు. నెట్ బ్రహ్మాండంగా వస్తుంది. కరెంటు మాత్రం రాదు, ఎందుకు రాదో ఎవరికీ అర్థం కాదు. పీఓఈ పనిచేయకపోతే ముందు క్లిప్పు పారదర్శకంగానే ఉంటుంది కాబట్టి ఎనిమిది రంగులూ ఉన్నాయో లేదో కళ్లతో చూడండి.

ఇంకోటి, రాగి పేరుతో అమ్మే అల్యూమినియం. పైన రాగి పూత, లోపల అల్యూమినియం. అల్యూమినియం రాగి మోసేదానిలో అరవై శాతమే మోస్తుంది. 25 మీటర్లకి మా లెక్కలో 0.7 వోల్టు కాస్తా 1.1 అవుతుంది, అంతవరకు పర్లేదు. 80 మీటర్లకి పర్లేదు అనలేం. పైగా అది రెండుసార్లు వంచితే విరుగుతుంది. బ్లేడుతో తీగని గీరండి, లోపల వెండిలా మెరిస్తే వదిలేయండి. ఇది నాకు నేర్పింది బాబాయే, గీరి చూపించాడు కూడా. కొట్టులో మొదట చూపించిన చుట్టని అలాగే వెనక్కిచ్చేశాడు.

బయట పోయే వైరు కాబట్టి ఎండకి తట్టుకునే నల్ల తొడుగుది తీసుకున్నాం. కిటికీలోంచి లోపలికి వెళ్లే ముందు వైరుని కిందికి ఒక వంపు తిప్పాడు, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోవాలని. పిడుగుల భయం మాత్రం దీనితో పోదు. దగ్గర్లో పిడుగు పడితే బయట ఉన్న పొడుగాటి రాగి తీగ దేన్నైనా లోపలికి తెస్తుంది. ఉరుములు మొదలైతే కింద పోర్టులోంచి పీకెయ్యమని చెల్లికి చెప్పాను. పరీక్ష ఉన్నా సరే.

పైన సెట్టింగులు ఐదు నిమిషాల పని. డబ్బాని రౌటర్ మోడ్‌లో కాక యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి, అడ్రసులు పంచే పని కింద రౌటర్‌కే వదిలేయాలి, పేరు, పాస్‌వర్డ్ రెండిటికీ ఒకటే, చానెల్ మాత్రం వేరు. కింద 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ. డబ్బా ఎప్పుడైనా బిగుసుకుపోతే మేడెక్కక్కర్లేదు, ఫోన్లోంచే రౌటర్‌లో ఆ పోర్టుని ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు. ఈ సంగతి కనిపెట్టింది అమ్మ. "కిందనుంచే దాని కరెంటు తియ్యలేమా?" అని అడిగింది, అంతే.

మూడో ఆదివారం మాక్ టెస్టు మధ్యలో గంటంబావు కరెంటు పోయింది. చెల్లి ఫోన్ చేసి చెప్పింది కరెంటు గురించి కాదు, కెమిస్ట్రీలో వదిలేసిన ప్రశ్నల గురించి.

ఇప్పుడు బాబాయ్‌కి కొత్త పని పుట్టింది. వాళ్ల గేదెల కొట్టం ఇంటికి 120 మీటర్లు. రాత్రుళ్లు దూడల్ని చూసుకోడానికి కెమెరా పెట్టాలట. ఈసారి లెక్క ఆయనే మొదలెట్టాడు. 48 వోల్టులతో, ఆనవాలు అడిగే రకంతోనే, 5 వాట్ల కెమెరాకి కరెంటు 0.1 ఆంపియర్, వైరు పది ఓమ్‌లు, తగ్గేది ఒక వోల్టు. కరెంటు హాయిగా చేరుతుంది. చేరనిది డేటా. ఈథర్నెట్ హద్దు 100 మీటర్లు, దాటితే మొగ్గు మసకబారుతుంది. ఫైబర్ వేస్తే డేటా కిలోమీటర్లు పోతుంది, కానీ గాజులో కరెంటు పోదు. మధ్యలో 60 మీటర్ల దగ్గర వేపచెట్టుకి ఒక ఎక్స్‌టెండర్ బిగిద్దామని ప్రస్తుతానికి అనుకున్నాం. అది డేటాని సరిచేసి మళ్లీ కొత్తగా పంపుతుంది. దానికి కావాల్సిన రెండు మూడు వాట్లూ ఆ వైరులోంచే తీసుకుని, మిగిలింది కొట్టానికి పంపిస్తుంది.